గోడ వారన పన్నెండడుగులు: బెంగళూరులో దసరా నుంచి సంక్రాంతి దాకా పూసే మడి ఎలా వేయాలి

అక్టోబరు వచ్చిందంటే నన్ను రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది: "న్యూజెర్సీ నుంచి మా ఆడపడుచు ఫోటోలు పెట్టింది, వీధంతా ఎరుపూ పసుపూ. మన ఇంటి ముందు అలా రావాలంటే ఏం వేయాలి?" రెండోది: "దసరాకు పూసిన చామంతి కుండీలు పది తెచ్చి నేలలో పెట్టాను. దీపావళికల్లా ఎండిపోయాయి. ఎందుకు?"

ఆకులు ఎర్రబడాలన్న ఆశ మాత్రం వదిలేయండి. అక్కడి మేపుల్ చెట్ల ఆకులు రంగు తిరగాలంటే రాత్రుళ్ళు బాగా చలి పడాలి. బెంగళూరు అక్టోబరులో మనకు పలచటి స్వెటరు చాలు, ఆ చలికి మేపుల్ లొంగదు. ఇక్కడ ఆకు ఎర్రబడి రాలేది బాదం చెట్టుకు, అదీ సంక్రాంతికి అటూఇటూ. మన శరత్తు, అంటే ఆశ్వయుజం, కార్తీకం, పూలతోనే రంగెక్కుతుంది. ఆ పూల పని జూన్‌లోనే మొదలుపెట్టాలి. రెండో ప్రశ్న అడిగినవాళ్ళ తప్పు ఇక్కడే ఉంది. వాళ్ళు కొన్నది ఆ ఏటి పూతలో చివరి నెల.

ఒకసారి నాటితే నాలుగైదేళ్ళు ఉండే మొక్కలతో, 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మడి ఎలా వేయాలో చెబుతాను. మీ చోటు చిన్నదైతే లెక్క సగం చేసుకోండి. లాల్‌బాగ్ తోట బాధ్యతలు 1908 నుంచి చూసిన జర్మన్ తోటమాలి క్రుంబీగల్, ఒక రకం పూత అయ్యేసరికి ఇంకో రకం అందుకునేలా ఈ ఊరి వీధి చెట్లను ఎంచి నాటించాడని చెబుతారు. మనం చేసేది కూడా అదే, కాకపోతే గోడ వారన.

కావలసినవి

మొక్కలు మొత్తం 23.

వెనక వరసలో 4: మెక్సికన్ సాల్వియా 2 (ఊదా వెన్నులు వేసేది), పాయిన్‌సెట్టియా 1 (క్రిస్మస్‌కు పై ఆకులు ఎర్రబడేది), క్రోటన్ 1 (రంగు ఆకులది).
మధ్య వరసలో 7: డిసెంబర్ పూల మొక్కలు 4 (ఊదావి రెండు, తెల్లవి రెండు బాగుంటాయి), గోల్డెన్‌రాడ్ 3 (పసుపుగా పూసేది).
ముందు వరసలో 12: చామంతి 7, కనకాంబరం 5.

మాగిన పశువుల ఎరువు గానీ కంపోస్టు గానీ ఖాళీ సిమెంటు సంచులతో ఆరేడు సంచులు. వేపపిండి ఒక కిలో. గడ్డపార, పార, కత్తెర, కొన్ని వెదురు పుల్లలు, ముగ్గుపిండి. ఇంట్లో మిగిలిన పాత కాటన్ చీర ఒకటి దాచుకోండి, తర్వాత చింపుతాం.

1. ఎండ చూడండి, అదీ నవంబరు ఎండ

రోజుకు ఐదారు గంటల ఎండ కావాలని అందరికీ తెలుసు. జూన్‌లో చూసిన ఎండ నవంబరులో అక్కడ ఉండదన్న సంగతే చాలామంది మరచిపోతారు. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరుకు బాగా దక్షిణానికి జరుగుతాడు. కాబట్టి ఇంటికి ఉత్తరం పక్కన వేసిన మడి జూన్‌లో కళకళలాడుతుంది, సరిగ్గా పూయాల్సిన నెలల్లో మన మేడ నీడలో పడిపోతుంది. ఇంటికి దక్షిణం వైపు ఉత్తమం, తూర్పు, పడమర ఫరవాలేదు. దక్షిణాన పక్కవాళ్ళ మూడంతస్తులు ఆనుకుని ఉంటే అది ఉత్తరం పక్కతో సమానమే.

పగలు చూసినట్టే రాత్రి తొమ్మిదింటికి కూడా ఒకసారి వెళ్ళి చూడండి. వీధి దీపంగానీ గేటు లైటుగానీ నేరుగా పడుతోందా? చామంతి, పాయిన్‌సెట్టియా రెండూ రాత్రి నిడివిని బట్టి మొగ్గ వేసేవి. చీకటి మధ్యలో వెలుతురు పడితే అవి ఇంకా పొద్దు పెద్దగానే ఉందనుకుంటాయి. పూలరైతులు చామంతి పూతను వెనక్కి నెట్టాలనుకున్నప్పుడు కావాలనే రాత్రి బల్బులు వెలిగిస్తారు.

ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం. మొదటి ఏడాది గేటు దగ్గరి మూడు చామంతులు నవంబరు దాటినా ఒక్క మొగ్గ వేయలేదు, అవతలి నాలుగు విరగబూశాయి. నాసిరకం మొక్కలు అంటగట్టారని నర్సరీకి పోయి గొడవ పెట్టుకున్నాను. చిత్తూరు వైపు మనిషి, ఓపిగ్గా విని, "ఆ మొక్కల కాడ రాత్రి లైటుంటాదా అమ్మా?" అని అడిగాడు. ఇంటికొచ్చి లైటు దిశ మార్చాను. సంక్రాంతికి పూశాయి. లైటు తీయలేకపోతే ఆ చివర కనకాంబరం వేయండి, దానికి ఈ పట్టింపు లేదు.

2. తవ్వండి

మే చివర్లో, ఒకటి రెండు వానలు పడి నేల మెత్తబడ్డాక, అడుగు లోతు తవ్వండి. బెంగళూరు కొత్త లేఅవుట్లలో పైన ఆరంగుళాలు చక్కటి ఎర్రమట్టి ఉంటుంది. దాని కింద మేస్త్రీలు వదిలేసిన ప్రపంచం మొదలవుతుంది: ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు ముద్దలు, టైల్స్ పెచ్చులు, ఒకసారి నాకు మొత్తంగా ఒక చెప్పు కూడా దొరికింది. ఇవన్నీ ఏరేయాలి. సిమెంటు, సున్నం మిగిలితే మట్టి చౌడు తిరిగినట్టై లేత ఆకులు పసుప్పచ్చగా, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. ఎంత ఎరువేసినా తేరుకోవు.

ఇప్పుడు నీటి పరీక్ష. అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్ళు పోసి ఇంకనివ్వండి. మళ్ళీ నింపండి. ఈ రెండోసారి గంటకు ఒక అంగుళమైనా దిగాలి. అంతకన్నా నెమ్మదైతే మడిని చుట్టుపక్కల నేల కన్నా ఎనిమిది అంగుళాలు ఎత్తు చేయండి. బెంగళూరులో గట్టి వానలు జూన్‌లో రావు, సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి. మొగ్గ దశలో వేరు నీళ్ళలో నానితే చామంతి రెండు మూడు రోజుల్లో పడిపోతుంది. ఈ పరీక్ష చేయకుండా మొక్కలు కొనొద్దు.

3. మట్టి కలపండి

ఎరువును మడి మొత్తం రెండంగుళాల మందాన పరిచి, వేపపిండి చల్లి, పైన ఎనిమిది అంగుళాల మట్టితో కలిసేలా తిరగేయండి. పచ్చి పేడ వేయొద్దు. మాగిన ఎరువుకు వాసన ఉండదు, చేత్తో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. ఇంట్లో తడి చెత్తతో కంపోస్టు చేసేవాళ్ళు దాన్నే వాడండి, కూరగాయ తొక్క గుర్తుపట్టేలా ఉంటే మాత్రం ఇంకో నెల ఆగండి. కలిపాక పది రోజులు వదిలేసి, మొలిచిన కలుపు పీకేస్తే తర్వాత నడుం నొప్పి తగ్గుతుంది.

4. ముగ్గు వేయండి

నవ్వకండి, నిజంగానే ముగ్గు. ముందు అంచు నుంచి 8 అంగుళాల దగ్గర ఒక గీత, 22 దగ్గర ఇంకొకటి, 40 దగ్గర మూడోది. ముందు గీత మీద అడుగుకొకటి, మధ్య గీత మీద డిసెంబర్ మొక్కలు రెండడుగులకొకటి, గోల్డెన్‌రాడ్ అడుగున్నరకు కాస్త తక్కువగా, వెనక గీత మీద మూడడుగులకొకటి చుక్కలు పెట్టండి. ఒకే రకం మొక్కలన్నీ ఒకచోట గుంపుగా రావాలి. ఒక చామంతి, ఒక కనకాంబరం, మళ్ళీ ఒక చామంతి అని పూలదండలా మార్చి మార్చి పెడితే దూరం నుంచి ఏ రంగూ కంటికి ఆనదు.

చుక్కలు పెట్టాక మడి బోసిగా కనిపించి ఇంకో పది మొక్కలు కొనాలనిపిస్తుంది. కొనొద్దు. సాల్వియా ఒక్కటే అక్టోబరుకు మూడడుగులు ఎత్తు, అంతే వెడల్పు అవుతుంది. మొదటి ఏడాది ఖాళీలు కళ్ళకు గుచ్చుకుంటే ఆగస్టు మొదట్లో బంతి నారు పెట్టుకోండి, దసరాకు అందుతుంది. కనకాంబరం పక్కన బంతి ఉండటం మంచిది కూడా. కనకాంబరం వేళ్ళను పట్టే నులిపురుగులను బంతి వేళ్ళు అణిచిపెడతాయి.

5. మొక్కలు కొనేటప్పుడు

లాల్‌బాగ్ దగ్గరి సిద్ధాపుర నర్సరీలకు ఒక ఉదయం కేటాయించండి. తెలుగు మాట్లాడేవాళ్ళు తగులుతారు. లేకపోతే చామంతికి సేవంతిగె, డిసెంబర్ పూలకు గోరంటె అనండి. గోరంటె అంటే కొందరు చేతులకు పెట్టుకునే గోరింటాకు మొక్క చూపిస్తారు, అందుకని ఫోన్‌లో ఫోటో ఉంచుకోండి.

సాల్వియా దగ్గర అందరూ మోసపోతారు. మోసం కూడా కాదు, పేరు ఒకటే. మంటలా ఎర్రగా పూసే పొట్టి సాల్వియా ఒక్క సీజనుది. మనకు కావలసినదాని ఆకు సన్నగా, పొడుగ్గా, అడుగున తెల్లటి నూగుతో ఉంటుంది, పూవు ఊదారంగు ముఖమల్ గుడ్డలా ఉంటుంది.

పూసిన మొక్క తీసుకోకండి. పొట్టిగా, అడుగు నుంచి నాలుగైదు కొమ్మలతో, ఆకు వెనక పేనుబంక గానీ పిండినల్లి గానీ లేని మొక్క తీసుకోండి. కనకాంబరం కొనేటప్పుడు ఒక మొక్కనైనా కవరు నుంచి తీసి వేళ్ళు చూపించమనండి. వేళ్ళ మీద ఆవగింజల్లాంటి బుడిపెలుంటే అది నులిపురుగు. ఆ వరసలో ఏదీ కొనొద్దు, నేలలోకి ఒకసారి వస్తే వదలదు.

లాంటానా కూడా నాలుగు రంగుల్లో చూపిస్తారు, చవక, చావదు. ఆ చావకపోవడమే దాని జబ్బు. మన అడవుల్ని ఆక్రమించిన మొక్క అది, ఇంటికి తెచ్చుకోవద్దు.

6. నాటడం

జూన్ రెండో వారం నుంచి జులై మధ్య వరకు. మబ్బు పట్టిన సాయంత్రం అయితే మేలు. కవరు చింపి, వేళ్ళు గుండ్రంగా చుట్టుకుని ఉంటే వేలితో వదులు చేసి, కవరులో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టండి. మొదలు కప్పేలా మట్టి ఎగదోస్తే చామంతి మొదలు కుళ్ళుతుంది. నీళ్ళు పోశాక రెండంగుళాల మందాన ఎండాకులు పరవండి, మొదలు చుట్టూ మూడంగుళాలు ఖాళీ వదలండి. వీధిలో ఊడ్చి కుప్పేసిన ఆకులు అడిగితే సంతోషంగా ఇస్తారు. చెదలున్న నేలలో ఆకులు పలచగా వేయండి.

7. తలలు తుంచడం

అసలు పని ఇదే, అందరూ చేతులు రాక ఆపేసేదీ ఇక్కడే. పెరుగుతున్న మొక్క తల తుంచడమంటే పసిపిల్ల జుట్టు కత్తిరించినట్టు బాధపడతారు. తుంచని చామంతి రెండడుగులు పెరిగి, నాలుగు పూలు పూసి, మొదటి వానకే ఒరిగిపోతుంది. తుంచింది గంపలా గుబురుకట్టి వంద మొగ్గలు వేస్తుంది.

చామంతి ఆరంగుళాలయ్యాక చివరి రెండాకులతో కలిపి తలను గోటితో గిల్లేయండి. పక్క కొమ్మలు వచ్చి నాలుగైదు అంగుళాలయ్యాక వాటి తలలూ గిల్లండి. ఇలా రెండు మూడుసార్లు. ఆగస్టు 15, అంటే లాల్‌బాగ్ పూల ప్రదర్శన రోజుల్ని గుర్తు పెట్టుకోండి: ప్రదర్శన చూసొచ్చాక చామంతిని ఇక ముట్టుకోకూడదు. సెప్టెంబరులో గిల్లితే మీరు గిల్లేది మొగ్గనే.

సాల్వియా, డిసెంబర్ మొక్కలకు జులైలో ఒక్కసారి చాలు. పాయిన్‌సెట్టియాను ఆగస్టు చివరిలోపు కత్తిరించండి, దాని పాలు చర్మానికి, కళ్ళకు మంట పుట్టిస్తాయి కాబట్టి తొడుగులు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. కనకాంబరానికి తుంచుడు అవసరం లేదు, ఎండిన వెన్నులు తీస్తే చాలు.

8. నీళ్ళు

నాటిన మూడు వారాలు వాన లేని రోజున పోయాలి. తర్వాత వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూడండి, పొడిగా తగిలితేనే. సాయంత్రం ఆకుల మీద చల్లడం మానేయండి, రాత్రంతా తడి ఉంటే ఆకుమచ్చ వస్తుంది.

2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటిని తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది, గుర్తుందిగా. అందుకే మడి మొదటి నుంచీ బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళకు అలవాటు పడితే మంచిది. అపార్ట్‌మెంట్లలో శుద్ధి చేసిన నీళ్ళు నేల మొక్కలకు పనికొస్తాయి. ఆర్‌ఓ నుంచి వదిలే నీళ్ళు మాత్రం ఒక్కటే వాడొద్దు, అందులో ఉప్పులు ఎక్కువ. వాన లేని నెలల్లో ఆకుల అంచులు మాడినట్టు అయితే మొదట అనుమానించాల్సింది దాన్నే.

9. ఎరువు, ఊతం, నత్తలు

జులై, ఆగస్టుల్లో నెలకోసారి వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు. గుప్పెడు చెక్క బకెట్ నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, ఆ నీటికి పదింతలు మామూలు నీళ్ళు కలిపి పోయండి. వాసనకు పక్కింటివాళ్ళు కిటికీ మూసుకుంటారు, ముందే చెప్పి ఉంచండి. మా అనంతపురం వాళ్ళకు ఊరి నుంచి చెక్క రావడం కష్టం కాదు, లేనివాళ్ళు కంపోస్టు గుప్పెడు గుప్పెడు వేస్తే సరి. సెప్టెంబరు తర్వాత యూరియా జోలికి పోవద్దు, ఆకు పెరిగి పూత ఆగిపోతుంది.

సెప్టెంబరు మొదటి వారంలోనే పుల్లలు గుచ్చి, దాచిన పాత చీర పీలికలతో వదులుగా కట్టండి. మొక్క పడ్డాక లేపి కడితే కొమ్మ విరుగుతుంది.

వానల్లో పెద్ద ఆఫ్రికన్ నత్తలు వస్తాయి. రాత్రి టార్చితో, చేతికి తొడుగు వేసుకుని ఏరి ఉప్పునీళ్ళ బకెట్‌లో వేయండి. మడిలో ఉప్పు చల్లడం మాత్రం వద్దు, నత్త కన్నా ముందు మొక్క పోతుంది.

సరిగ్గా వస్తోందా? ఇలా చూడండి

పదిహేను రోజులకోసారి ఒకే చోట నిలబడి ఫోటో తీయండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు.

ఆగస్టు చివరికి చామంతి ఎత్తెంతో వెడల్పంత ఉండాలి. సన్నగా పొడుగ్గా ఉంటే తుంచడం తక్కువైంది లేదా ఎండ చాలలేదు. దసరా నాటికి సాల్వియా ఊదా వెన్నులు, గోల్డెన్‌రాడ్ పసుపు, కనకాంబరం కనబడాలి, చామంతికి బఠాణీ గింజంత మొగ్గలుండాలి. మొగ్గలు లేకుండా ఆకు మాత్రం ముదురు పచ్చగా నిగనిగలాడుతుంటే రెండే కారణాలు: రాత్రి లైటు లేదా ఎక్కువైన నత్రజని. కార్తీకంలో చామంతి, తర్వాత డిసెంబర్ పూలు, చివరగా క్రిస్మస్‌కు పాయిన్‌సెట్టియా ఎరుపు. పాయిన్‌సెట్టియాలో ఎర్రగా కనిపించేవి రేకులు కావు, ఆకులే. న్యూజెర్సీ ఫోటోలతో పోటీ పడాలనుకునేవాళ్ళకు ఈ ఒక్కటీ చూపించొచ్చు.

పగలు వాడి సాయంత్రానికి లేచి నిలబడితే అది ఎండ దెబ్బే, కంగారు వద్దు. తెల్లవారి కూడా వాడే ఉండి మట్టి తడిగా ఉంటే వేరు కుళ్ళు. ఆ మొక్కను మట్టితో సహా తీసి పారేయండి, కంపోస్టులో వేయొద్దు.

ఆలస్యమైతే, చోటు లేకపోతే

సెప్టెంబరు వచ్చేసిందా? నేల జోలికి పోకండి. మొగ్గ దశలో ఉన్న చామంతులు, క్రోటన్లు కుండీలతోనే గోడ వారన వరసగా పెట్టుకోండి. పూత అయ్యాక కత్తిరించి, పిలకల్ని జూన్‌లో నేలలో నాటితే వచ్చే ఏటికి సొంత మొక్కలు.

బాల్కనీ అయితే 12 అంగుళాల కుండీల్లో చామంతి, కనకాంబరం బాగా వస్తాయి, సాల్వియా వద్దు. నీడ చోటైతే పూల మీద ఆశ పెట్టుకోక కోలియస్ వేయండి. ఎరుపు, మెరూన్, లేత ఆకుపచ్చ రంగుల్లో దాని ఆకులే అందం. కొద్దిగా ఎండ తగిలినా చాలు, కొమ్మ గుచ్చితే బతుకుతుంది.

పూత అయ్యాక

చామంతిని మొదలు నుంచి నాలుగు అంగుళాలకు కోసేయండి, చుట్టూ పిలకలు వస్తాయి. డిసెంబర్ మొక్కల్ని జనవరి చివర సగానికి, సాల్వియాను ఫిబ్రవరిలో జానెడు ఎత్తుకు. గోల్డెన్‌రాడ్ పక్కలకు పాకుతుంది, ఏటా అంచు పిలకలు తవ్వి తీయకపోతే చామంతి చోటు తినేస్తుంది. జూన్‌లో చామంతి గుత్తిని పెరికి, మధ్యలోని ముదురు వేరు పారేసి, అంచు పిలకల్ని మళ్ళీ అడుగుకొకటి నాటండి. ఏడు మొక్కలు ఇరవై దాకా అవుతాయి. మిగిలినవి పక్కింటికి ఇచ్చేయండి, చెక్క నీళ్ళ వాసన భరించింది వాళ్ళే కదా.